నీలినరాల నిర్మూలన పథకం

కలనేత వస్త్ర విక్రయ సంస్థలో కూర్చోవడం రద్దయింది ఒక విమాన ప్రయాణం వల్ల.

సంస్థకు కొత్తగా వచ్చిన ఎం.డి. గారు ఏదో శిక్షణ పేరిట విదేశం వెళ్ళి, అక్కడొక పెద్ద దుకాణంలో అమ్మేవాళ్ళంతా నిలబడి ఉండటం చూశారు. దుకాణం జనంతో కిటకిటలాడుతోంది. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని ఆయన తిరుగు ప్రయాణంలో, నడుముకి బెల్టు బిగించుకుని, కాళ్ళు బారచాపుకుని కూర్చుని కనిపెట్టారు. విమానం దిగిన మర్నాడే ఉత్తర్వు వచ్చింది. కొనేవారు దేవుళ్ళతో సమానం కనుక, దేవుడి ఎదుట కాళ్ళు ముడుచుకు కూర్చోవడం అపచారం కనుక, ఇకమీదట పనివేళల్లో సిబ్బంది యావన్మందీ నిలబడియే ఉండవలెను. నిలబడలేనివారు శారీరకముగా అనర్హులని భావించి ఇంటికి సాగనంపబడుదురు.

అన్ని శాఖల్లోనూ కుర్చీలు, స్టూళ్ళు పోగుచేసి ఎక్కడివక్కడే మేడమీది గదుల్లో పెట్టి తాళాలు వేశారు. పై అరల్లోని చీరలు అందుకోవడానికి ఎక్కే ముక్కాలిపీటలు కూడా ఆ ఊపులో వెళ్ళిపోయాయి. అప్పట్నుంచి పై అరల్లో చీరలు అమ్ముడుపోవడం మానేశాయి. ఆ సంగతి ఉత్తర్వులో లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

గోదావరి కాలవ పక్కనున్న చినరేవుపేట శాఖలో నూలుచీరల విభాగం మంగతాయారుది. పెళ్ళయిన కొత్తలో ఉద్యోగంలో చేరిన మనిషి. మొగుడు వీర్రాజు లాకుల దగ్గర కూలిపని చేస్తూ నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో ఒక మనిషి కూర్చున్నాక రెండో మనిషికి ఆ అవకాశం ఉండదు. ఆవిడ పొద్దున్న గల్లాపెట్టె తెరిచిన దగ్గర్నుంచి రాత్రి షట్టరు దించేదాకా నిలబడే ఉండేది.

మొదట చీలమండ దగ్గర ఎర్రదారం పోగులాంటిది ఒకటి కనిపించింది. కొన్నాళ్ళకి దాని పక్కనే నీలం పోగు. ఏడాది తిరిగేసరికి రెండూ అల్లుకుని, సాలెగూడులా పిక్కల దాకా పాకేశాయి. సాయంత్రానికి కాళ్ళలో సిమెంటు పోసినట్టు ఉండేది. పట్టుచీరల దగ్గరుండే సుగుణావతి ఒకరోజు ఆ కాళ్ళు చూసి, పడుగు ఎరుపు, పేక నీలం, మన సంస్థ పేరు నీ కాళ్ళ మీదే నేసేశారు కదే అక్కా అంది. మంగతాయారు నవ్వింది గానీ, ఆ నవ్వు పిక్కల దాకా దిగలేదు.

ఆవిడకి కావలసింది ఒక్క స్టూలు. బేరం లేనప్పుడు కాసేపు కూర్చునేందుకు. కానీ నిలబడలేకపోతున్నానని నోరు జారితే అనర్హురాలై ఇంటికి పోవాలి. అంచేత నిలబడగలను గానీ స్టూలు కావాలి అని అడగాలి. ఎలా అడగాలో తెలియక, మేనేజరు దివాకరాన్నే సలహా అడిగింది.

దివాకరం చెడ్డవాడు కాదు, భయస్తుడు. పై ఆఫీసు నుంచి ఫోనొస్తే, నిలబడే ఉన్నవాడు కూడా ఇంకోసారి లేచి నిలబడినట్టు సర్దుకునేవాడు. స్టూలు అన్న మాట వినగానే గది తలుపు మూసొచ్చాడు.

"తాయారు గారూ, ఆ మాట కాగితం మీద పెట్టకండి. పెడితే మీ ఉద్యోగం, ఫార్వర్డు చేసినందుకు నా ఉద్యోగం పోతాయి. కాళ్ళ సంగతొక్కటీ రాద్దాం. చదివినవాళ్ళే అర్థం చేసుకుంటారు."

చదివినవాళ్ళు అర్థం చేసుకుంటారన్నది దివాకరం జీవితంలో చేసిన పెద్ద పొరపాటు. ఆయన రాసిందేమిటంటే, సదరు ఉద్యోగిని పాదభాగమున నీలివర్ణపు రేఖలు ప్రస్ఫుటముగా కనబడుచున్నవని, తగు చర్య తీసుకొనవలెనని. పై ఆఫీసులో దాన్ని చదివిన ప్రాంతీయ సంచాలకులు మార్తాండరావు గారికి అందులో రెండే మాటలు కంటపడ్డాయి, రేఖలు, కనబడుచున్నవని. అంటే సమస్య రేఖలది కాదు, కనబడటానిది. కొనడానికొచ్చిన ఇల్లాలు అమ్మే మనిషి కాళ్ళు చూస్తే, ఆ చీర కట్టుకుంటే తన కాళ్ళూ అలాగే అవుతాయని జంకదా? అమ్మకాలు తగ్గడానికి అసలు కారణం ఇన్నాళ్ళకు దొరికినందుకు ఆయన పొంగిపోయారు. వెంటనే నీలినరాల నిర్మూలన కమిటీ వేసి, దానికి తానే అధ్యక్షుడై, చినరేవుపేట శాఖను ప్రయోగాత్మకంగా ఎంపిక చేశారు.

కమిటీ చినరేవుపేట వచ్చినప్పుడు చర్మవైద్యురాలు డాక్టర్ హిమజను వెంటబెట్టుకొచ్చింది. చిన్న వయసు, దాపరికం లేని మాట. మంగతాయారు కాళ్ళు చూసి, వేలితో నొక్కి, ఎప్పట్నుంచమ్మా, వాపొస్తోందా, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయా అని తీరుబడిగా అడిగింది. ఆ తర్వాత మార్తాండరావు గారి వైపు తిరిగింది.

"ఈ సన్న నరాలకి లేజరు మంచిదేనండి. తెలిసినవాళ్ళు చేస్తే పెద్ద ప్రమాదం ఉండదు. కొన్నాళ్ళు ఎర్రగా, కమిలినట్టు ఉంటుందంతే. మన రంగు ఒంటికి శక్తి ఎక్కువ పెడితే నల్లమచ్చలు పడతాయి, అందుకని ముందు చిన్నచోట వేసి చూడాలి. ఒక్కసారితో పోవు, విడతలుగా చెయ్యాలి. చాలావరకు మసకబారతాయి, అన్నీ మాయం కావు. ముందు లోపలి పెద్ద నరాల్లో తేడా ఉందేమో స్కాను తీయించాలి. ఇంకో మాట చెప్పాలి సార్. ఇలా రోజంతా నిలబెడితే కొత్తవి పుడుతూనే ఉంటాయి. కాళ్ళలాగుడు లేజరుకి తగ్గదు. అసలు ముందు వీళ్ళని కూర్చోనివ్వండి."

మార్తాండరావు గారు తల పంకించి, పక్కనున్న గుమాస్తాకి చెప్పి రాయించారు. లేజరు మంచిదేనని వైద్యనిపుణులు సెలవిచ్చినారు. తక్కినదంతా కూడా రాయమంటారా అని గుమాస్తా అడిగితే, తక్కినది వివరణ అనీ, వివరణలు తీర్మానాల్లోకి ఎక్కవనీ చెప్పారు.

నెల తిరక్కుండా యంత్రం దిగింది. నేల మీద పెట్టకూడదట, తేమ తగుల్తుందట, చల్లగా ఉండాలట. రెండేళ్ళుగా తీయని మేడగది తాళం తీసి, ఏసీ బిగించి, కుర్చీలన్నిట్లోకీ గట్టిది ఒకటి ఏరి, దాని మీద మెత్తటి దుప్పటి పరిచి యంత్రాన్ని కూర్చోబెట్టారు. మంగతాయారు గుమ్మంలో నిలబడి చూసింది. ఆ ఉత్తర్వు వచ్చాక సంస్థలో కూర్చున్న మొదటి ఉద్యోగి అదే.

హిమజ వచ్చి, అందరి కళ్ళకీ నల్లద్దాలు పెట్టించి, మంగతాయారు చీలమండ పక్కన బొట్టుబిళ్ళంత చోట లేజరు వేసింది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంది. అక్కడ కందినట్టయింది. మచ్చ పడుతుందేమో కొన్ని వారాలు చూసి తక్కినది చేద్దామంది డాక్టరు. చేశాక మెత్తటి బిగువు మేజోళ్ళు తొడుక్కోవాలి, కాస్త నడవాలి, గంటల తరబడి మాత్రం నిలబడకూడదంది.

నిలబడకూడదన్న మాట వినగానే దివాకరం తన గదిలోకి పరుగెత్తాడు. ఆయన ఉత్తర్వు నకలు తెచ్చి చూపించాడు. హిమజ దాన్ని చదివి, రెండోసారి చదివి, యంత్రం మీద గుడ్డ కప్పేసింది. వీళ్ళు కూర్చోవచ్చని ఇంకో ఉత్తర్వు వచ్చినప్పుడు కబురు పెట్టండి, అప్పుడొచ్చి చేస్తానని చెప్పి వెళ్ళిపోయింది. ఈ విషయం పైకి రాయమని మంగతాయారు బతిమాలింది. రాయాలంటే కూర్చోవడం అన్న మాట వాడాలి. దివాకరం వాడలేదు.

చికిత్స మొదలైందనే పై ఆఫీసు అనుకుంది. దాని సామర్థ్యాన్ని, భద్రతని కళ్ళారా పరిశీలించడానికి కమిటీ ఒక తేదీ వేసుకుంది. ఆ తేదీ సరిగ్గా శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం నాడు పడింది. పండగ అమ్మకాల రోజు కనుక సెలవు లేదు. ఆడవాళ్ళంతా తెల్లారకుండా లేచి తలంటుకుని, వ్రతం చేసుకుని, మోకాళ్ళ కింది దాకా దట్టంగా పసుపు రాసుకుని, ఆ కాళ్ళతోనే పరుగున పనిలోకి వచ్చారు.

మార్తాండరావు గారు అందర్నీ వరసగా నిలబెట్టారు, అంటే ఉన్నచోటే ఉండమన్నారు. కుచ్చిళ్ళు కాస్త ఎత్తమన్నారు. వరస ఈ చివర్నుంచి ఆ చివరి దాకా బంగారు రంగు కాళ్ళు. ఎర్రపోగు లేదు, నీలంపోగు లేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. కమిటీ సభ్యుడొకాయన వంగి ఫొటోలు తీశాడు. కమిటీ మొదటిసారి వచ్చినప్పుడు తీసిన ఫొటోల పక్కన పెట్టి చూసుకుంటే, వాళ్ళ ఒళ్ళే పులకరించింది.

మంగతాయారు ఊరుకోలేకపోయింది. పసుపండీ అది, ఇవాళ శుక్రవారం కదండీ అంది. చికిత్సానంతరం చర్మానికి స్వర్ణచ్ఛాయ కలుగుచున్నదని మార్తాండరావు గారు గుమాస్తాకి చెప్పారు. దివాకరం ఏదో అనబోయి నోరు తెరిచాడు. మార్తాండరావు గారు అటు తిరిగేసరికి దాన్ని ఆవలింతగా మార్చేశాడు.

నివేదిక ఘనంగా వచ్చింది. సామర్థ్యం సంపూర్ణం. ఇక భద్రత సంగతికొస్తే, ఒక్కరికైనా కాలిన దాఖలా లేదు, మచ్చ లేదు, ఫిర్యాదు లేదు. ఇంత నిరపాయకరమైన లేజరు చికిత్స ఇంతవరకు ఏ దేశంలోనూ జరిగి ఉండదని అందులో రాశారు. అది మాత్రం నిజమే. యంత్రం మీద కప్పిన గుడ్డ ఎవరూ తియ్యలేదు.

మంచి ఫలితం వచ్చాక దాన్ని అక్కడితో వదిలేస్తే అది మంచి సంస్థ కాదు. నిలబడటం వల్ల కాళ్ళకు హాని లేదని శాస్త్రీయంగా తేలింది కనుక మధ్యాహ్న భోజనం కూడా నిలబడే చేయవలెనని, పెళ్ళిళ్ళలో ఈ విధానం ఇప్పటికే అమల్లో ఉన్నదని ఇంకో ఉత్తర్వు వచ్చింది. తర్వాత కొనేవాళ్ళు కూర్చునే పరుపులు తీసేశారు. సిబ్బందికి మేలు చేసే అలవాటును దేవుళ్ళకు దూరం చెయ్యడం భావ్యం కాదన్నారు. చీరలు పరిచి చూపించడానికి పరుపు లేక, సుగుణావతి పట్టుచీరలు భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగి చూపించాల్సొచ్చింది. కొనడానికొచ్చిన ముసలమ్మ ఒకావిడ కాసేపు చూసి, నాటకమేదో ఆడుతున్నారనుకుని వెళ్ళిపోయింది.

మంగతాయారు అర్జీ మీద సమస్య పరిష్కృతమైనదని ముద్ర వేసి పంపించారు. ఇప్పుడు ఆవిడకి నొప్పి ఉందనడానికి కూడా వీల్లేదు. ఒక సాయంత్రం కౌంటరు పట్టుకుని నిలబడ్డ మనిషి అలాగే కిందికి జారబోతే సుగుణావతి పట్టుకుంది. ఇంకో వారం ఇలాగే గడిస్తే, ఎవరో చూస్తారు, అనర్హురాలని రాస్తారు, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. ఆ రాత్రి వీర్రాజు వేణ్ణీళ్ళు పెట్టి ఆవిడ కాళ్ళు అందులో ముంచి, నోటితో చెబితే వినని వాళ్ళకి కంటికే చూపించాలే అన్నాడు.

మార్తాండరావు గారు మళ్ళీ వచ్చింది కూడా శుక్రవారమే, ఆడవాళ్ళ కాళ్ళకి పసుపు ఉంది. మంగతాయారు బకెట్టుతో నీళ్ళు తెచ్చి, ఆయన ఎదురుగానే కాళ్ళు కడుక్కుంది. పసుపు కరిగి నేల మీదికి పారింది. కింద కలనేత అలాగే ఉంది. బొట్టుబిళ్ళంత చోటొకటి మాత్రం నిజంగానే తేటపడింది. హిమజ వేసిన చోటది. దాన్ని ఎవరూ చూడలేదు.

ఆయన చాలాసేపు ఆ కాళ్ళకేసి చూశారు. మంగతాయారు ఆశగా ఆయన మొహంలోకి చూసింది.

"నీళ్ళు తగిలించారన్నమాట" అన్నారు చివరికి. "చికిత్స జరిగిన పాదానికి జలస్పర్శ తగునా? వ్యాధి తిరగబెట్టిందంటే తిరగబెట్టదా మరి?"

పనివేళల్లో కాళ్ళు కడుక్కోరాదని మర్నాడు ఉత్తర్వు వచ్చింది. మంగతాయారుకి మాత్రం చార్జిషీటు రాలేదు. ఎందుకంటే అప్పటికే పథకంలో తొలి లబ్ధిదారుగా ఆవిడ పేరు పైకి వెళ్ళిపోయింది. రాష్ట్రస్థాయి విజయోత్సవంలో ఎం.డి. గారి చేతుల మీదుగా సన్మానమని ఆహ్వానం అచ్చయిపోయింది. పసుపు బాగా దట్టించుకుని రమ్మని దివాకరం నెమ్మదిగా చెప్పాడు. పసుపు అనలేదు, స్వర్ణచ్ఛాయ అన్నాడు.

ఉత్సవం నగరంలో పెద్ద హాల్లో జరిగింది. వేదిక మీద ఎర్రటి మఖ్‌మల్ కుర్చీ ఒకటి వేశారు. సన్మానం అందుకునే మనిషి కూర్చోవాలి, చేసేవాళ్ళు నిలబడాలి. ఈ ఆనవాయితీ సంస్థ కంటే పాతది, దాన్ని మార్చాలని ఎం.డి. గారికి కూడా తోచలేదు. మంగతాయారు కుర్చీలో కూర్చుంది. చుట్టూ అధికారులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. దండ వేశారు, శాలువా కప్పారు, పళ్ళెంలో పళ్ళు పెట్టిచ్చారు. మార్తాండరావు గారు పథకం చరిత్ర మొదట్నుంచీ చదివారు. ఆ చదువు ఎంతసేపు సాగినా ఆవిడకి విసుగనిపించలేదు. పిక్కల్లో గడ్డకట్టినదేదో కరిగి కిందికి దిగుతున్నట్టుంది. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి.

చప్పట్లు వినబడితే కళ్ళు తెరిచింది. మార్తాండరావు గారు వంగి, సన్మానం అయింది, ఇక లేవవచ్చునన్నారు.

"నాకింకా అవలేదండి" అంది మంగతాయారు.

ఆయన నవ్వి మళ్ళీ చెప్పారు. ఆవిడ కదల్లేదు. కెమెరాలు ఇటు తిరిగాయి. ఎం.డి. గారు దగ్గరికొచ్చి ఏమిటి సంగతని అడిగారు.

"ఏం లేదండి. సన్మానించిన మనిషిని లేవగొట్టి పంపడం మా వైపు లేదండి. మీరు పంపేద్దామనుకుంటే కుర్చీతో సహా మోయించండి. నా కాళ్ళు బాగయ్యాయని ఇందాకటిదాకా మీరేగా చదివించారు. బాగయిన కాళ్ళు కాసేపు కూర్చుంటే తప్పేంటండి? ఇక్కడికే చీరలు తెప్పించండి, కూర్చునే అమ్ముతాను. ఒక్క బేరం పోతే అప్పుడు ఇంటికి పంపెయ్యండి."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. సిబ్బందే అయ్యుంటారు, చప్పట్లకి ఉత్తర్వులో అడ్డు లేదు. ఎం.డి. గారు ఇరుకున పడ్డారు. లేపితే తమ పథకాన్నే అవమానించినట్టవుతుంది. కూర్చోనిస్తే తమ ఉత్తర్వే మట్టిపాలవుతుంది. అప్పుడు మార్తాండరావు గారి గుమాస్తా ఆయన చెవిలో ఒక మాట చెప్పాడు. సన్మానం ఎన్నింటికి మొదలవుతుందో ఆహ్వానంలో ఉంది గానీ, ఎన్నింటికి ముగుస్తుందో అందులో లేదు.

ఎం.డి. గారి మొహం వికసించింది. అక్కడికక్కడే ప్రకటించారు. శ్రీమతి మంగతాయారు సన్మానము ముగియలేదు. అది చినరేవుపేట శాఖకు బదిలీ చేయడమైనది. ప్రతిదినము పనివేళల్లో కొనసాగును. ఆమె కూర్చున్నట్లు ఎవరూ భావించరాదు, సన్మానింపబడుచున్నట్లు భావించవలెను.

ఆ మర్నాటి నుంచి మంగతాయారు నూలుచీరల విభాగంలో కుర్చీలో కూర్చుని, శాలువా కప్పుకుని, చీరలు అమ్మసాగింది. ఎండాకాలంలో శాలువాతో చెమటలు పట్టేవి గానీ, చెమటకి నరాలు ఉబ్బవు కదా అని ఓర్చుకునేది. చూసినవాళ్ళు ఊరుకుంటారా? అలుపు లేకుండా నవ్వుతున్నందుకు సుగుణావతి సన్మానానికి అర్హురాలైంది. గల్లాపెట్టె దగ్గరాయన నమ్మకానికి, ఊడ్చే అప్పలకొండ శుభ్రతకి. పై ఆఫీసు అన్నిటికీ సంతోషంగా అనుమతులిచ్చింది. ఇన్ని సన్మానాలు జరిగే సంస్థ మరొకటి లేదని నివేదికల్లో రాసుకుంది. కుర్చీలన్నీ మేడ దిగాయి. వాటితో పాటు ముక్కాలిపీటలూ దిగాయి. పై అరల్లో చీరలు కూడా అమ్ముడుపోయాయి. నిలబడవలెనన్న ఉత్తర్వు మాత్రం ఈ రోజుకీ అమల్లోనే ఉంది.

కబురందుకుని హిమజ వచ్చింది. శాలువాలు కప్పుకుని వరసగా కూర్చున్న వాళ్ళని చూసి, ఏమిటిదని అడగబోయి, మనకెందుకులే అనుకుని యంత్రం మీద గుడ్డ తీసింది. స్కానులు తీయించి, పనికొచ్చేవాళ్ళకి విడతలుగా లేజరు వేసింది. చాలామందికి నరాలు మసకబారాయి. కొందరికి కొన్ని అలాగే మిగిలాయి. సుగుణావతి పిక్క మీద గోధుమరంగు మచ్చ ఒకటి పడి, పోవడానికి నెలలు పట్టింది. ఇవేవీ ఏ నివేదికలోనూ ఎక్కలేదు. నిజంగా జరిగినవి కదా.

ఇంకా నిలబడి ఉన్నవాడు ఒక్క దివాకరమే. రోజూ అందరికీ పొద్దున్నే శాలువాలు కప్పాల్సింది ఆయనే. సన్మానించేవాడు కూర్చునే ఆనవాయితీ లేదు. ఒక మధ్యాహ్నం దుకాణంలో బేరాలు లేని వేళ ఆయన నూలుచీరల దగ్గరికొచ్చి, కౌంటరు మీద మోచేతులు ఆనించాడు.

"తాయారు గారూ, రాత్రి మోకాళ్ళు ముడుచుకోవడం లేదండి" అన్నాడు. "పైకి రాద్దామంటే, ఏమని రాయను?"

మంగతాయారు ఆయన కేసి చూసింది. వెనక అరలోంచి ఒక జరీ కండువా లాగి, పక్కనున్న ఖాళీ స్టూలు ఆయన వైపు జరిపింది. దివాకరం గుమ్మం కేసి చూశాడు, స్టూలు కేసి చూశాడు, దాని అంచు మీద సగం కూర్చున్నాడు. ఆవిడ కండువా ఆయన మెళ్ళో వేసింది.

"ఎవరైనా వచ్చి చూస్తేనో?"

"చప్పట్లు కొట్టమందాం లెండి" అంది మంగతాయారు. "ముందు సరిగ్గా కూర్చోండి."